బతికున్నవాడికి ఒప్పారి

మిల్లు కూలి మూకాయి శవం ముందు ఆరాయి కాళ్లు చాపుకుని కూర్చోగానే మగవాళ్లు ఒక్కొక్కరే వీధి చివరికి జరిగారు. ఎవరి గుట్టు ఎప్పుడు బయటపడుతుందో తెలియదు మరి. శవం ముందు ఏడుస్తూ పాడే పాటని ఆ వీధుల్లో ఒప్పారి అంటారు. దానికి ముందే కట్టుకున్న మాటలంటూ ఉండవు. పోయిన మనిషి మొహం చూస్తూ, ఆ బతుకులో తాను చూసిందంతా అప్పటికప్పుడు పాట కట్టి ఏడవాలి. ఒప్పారిలో అన్న మాటకి తర్వాత ఎవరూ సంజాయిషీ అడగకూడదు, పగ పెట్టుకోకూడదు. ఆ కట్టుబాటు తాతల నాటిది. దాన్ని తప్పినవాడు ఆ అరవదేశపు మిల్లు ఊరు పీళమేడు చుట్టుపక్కల ఎవడూ లేడు.

ఆరాయి అరచేయి చెంపకు ఆనించుకుంది. గొంతు లేచింది.

"నిలబడి నిలబడి కాళ్లు నీరెక్కెనే నా తల్లో
పీట యెయ్యమంటే మేస్త్రి పకపకా నవ్వెనే నా తల్లో
యిపుడు పండుకుంటివే, యెవురు లేపుతారే నా తల్లో
పోగు తెగిపాయనే, ముడి యెవురు యేస్తారే నా తల్లో"

నూలు చిలపలు చుట్టే రీలింగు సెక్షను మేస్త్రి కోదండరామన్ అప్పుడే పూలదండ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దండలో పూలు ఎన్నున్నాయో లెక్కపెడుతున్నట్టు తల వంచుకుని చూస్తూ ఉండిపోయాడు. అన్నూరు నుంచి వచ్చిన మూకాయి కొడుకు మేస్త్రిని చూశాడు గానీ నోరు విప్పలేదు. విప్పాల్సిన పని లేదు. చెప్పాల్సింది ఆరాయి చెప్పేసింది.

ఇదంతా వెనక నిలబడి చూసినవాడు యేసుదాస్. మిల్లు కూలీల సంగం కార్యదర్శి. ఆ వీధి కుర్రాడే. మిషన్ బళ్లో చదివి, కళ్లజోడు పెట్టుకుని, ఏ విషయం మీదైనా లేచి నిలబడితే గంట మాట్లాడగలిగినవాడు. మన వీధికి వాడే నోరు అని ముసలివాళ్లు మురిసిపోతుంటారు. సమాధి చేసి అందరూ స్నానాలు చేసి వచ్చాక అతను ఆరాయి గుమ్మం ముందుకు వచ్చాడు.

"అక్కా, శుక్రవారం మిల్లు గేటు కాడ అందరూ సేరే కూట్టం వుండాది. నువ్వు పేసాల."

తడి జుట్టు దులుపుకుంటున్న ఆరాయి ఆగిపోయింది. "నేను మాట్లాడేదా? ఆడ యెవురన్నా సచ్చినారా తంబి?"

అతను నవ్వాడు. ఆపైన నవ్వకుండా చెప్పాడు. "రీలింగు మూసేస్తారని నలుగురి నోట ఒక పేచ్చు వుండాది. ఆడోళ్లకి రాత్రి షిఫ్టు యియ్యకూడదంట, పిల్లలు పుడితే కూలి కట్టాలంట, అందుకని మొదలాళికి మీరు బరువంట. నేను వంద మాట్లు సెప్తా, వాళ్లు వినరు. నువ్వు సెప్తే వింటారు. ఇంత గొంతు పెట్టుకోని శవాలకి మాత్రమే సెప్తే యెట్లా?"

లోపల నులకమంచం మీద ఆమె మొగుడు చిన్నప్పన్ దగ్గుతున్నాడు. దూది బేళ్లు విప్పి దులిపే బ్లోరూములో పదేళ్లు పీల్చిన దూది అతని ఊపిరిలోనే ఉండిపోయింది. మంచం దిగి బావి దాకా నడిస్తే ఆ రోజుకి అదే గొప్ప. అత్త పాప్పమ్మాళ్ మిల్లు యజమాని అయిన మొదలాళి బంగళాలో పశువుల పేడ ఎత్తి తెచ్చేది గంజికి సరిపోతుంది. మిగతాదంతా ఆరాయి కూలే. రీలింగు మూతపడితే ఆ ఇంటి పొయ్యి మూతపడ్డట్టే.

"నాకు సేతకాదు తంబి," అంది. కానీ మర్నాడు షిఫ్టు దిగగానే సంగం గదికి వెళ్లింది.

* * *

గదిలో ఒక పొడుగు బల్ల, రెండు బెంచీలు, గోడకు గడియారం ఉన్నాయి. రీలింగు ఆడవాళ్లు డజను మంది జుట్టులో దూది నలకలతో అలాగే వచ్చి కూర్చున్నారు. యేసుదాస్ పెట్టిన పద్ధతి వింతగా ఉంది. అతను వేలు పెట్టి ఏదైనా చూపిస్తాడు. ఎవరి పేరు పిలిస్తే వాళ్లు వెంటనే లేచి దాని గురించి మాట్లాడాలి. ఆలోచించుకోవడానికి వ్యవధి ఉండదు.

"పొన్నూ, గొడుగు!"

అందరిలో చిన్నది పొన్ను ఎగిరిపడి లేచింది. "గొడుగు... వానకి. యెండకి కూడా. మా యింట్లో లేదు." కూర్చుంది.

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. యేసుదాస్ నవ్వలేదు. "సూసినారా? సుట్టూ తిప్పకుండా సెప్పింది. అట్లా వుండాల!" అన్నాడు. పొన్ను మొహం వెలిగిపోయింది.

సెల్లమ్మాళ్‌కి సైకిలు వచ్చింది. ఆ పెద్దావిడ సైకిలు ఎక్కి నేరుగా అల్లుడి మీదకి పోయింది. ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. యేసుదాస్ బల్ల తట్టి తట్టి విసిగి తనూ కూర్చున్నాడు. నవ్వులు తగ్గాక చెప్పాడు. నిలబడితే రెండు కాళ్ల మీదా సమంగా నిలబడాలి. చేతులు కిందికి వదిలేయాలి. నాకేమీ తెలియదు, తప్పుంటే మన్నించండి అని మొదలుపెట్టకూడదు. అట్లా మొదలుపెడితే విన్నవాడు నిజంగానే నీకేమీ తెలియదనుకుంటాడు.

"కంటికి కనబడింది సెప్పండి. సూసింది సెప్పండి, సూడంది సెప్పద్దు. అంతే అక్కా, యింక దానికి సదువు అక్కరలేదు."

ఆరాయి వంతు వచ్చింది. అతను గోడ మీది గడియారం చూపించాడు. ఆమె లేచింది. డజను జతల కళ్లు ఆమె మీద పడ్డాయి. ఎంత వద్దనుకున్నా కుడి అరచేయి చెంప మీదకి పోయింది. నోరు తెరిచింది, మూసింది. రోజూ ఆ గడియారం లాంటి దాని కిందే నిలబడి చస్తోంది కదా, దాని గురించి చెప్పడానికి ఒక్క మాటా లేదా!

"గడియారం సావలేదు కదా, అందుకని మాట రాలే," అంది సెల్లమ్మాళ్. అందరూ నవ్వారు, ఆరాయి కూడా నవ్వింది. ఇంటికి పోయే దారిలో మాత్రం సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

* * *

బుధవారం పొద్దున పాప్పమ్మాళ్ మోకాలు పట్టేసి లేవలేకపోయింది. షిఫ్టుకి ముందు ఆరాయే బంగళాకి వెళ్లింది. పశువుల కొట్టం వెనక వాకిలి పక్కనే ఉంటుంది. పేడ ఎత్తి తట్టలో వేస్తుంటే వసారాలోంచి తెలుగు మాటలు వినిపించాయి. బంగళా వాళ్ల ఇంటి భాషా, వీధి భాషా ఒకటే. కానీ మిల్లులో మొదలాళి కూలివాళ్లతో అరవమే మాట్లాడతాడు. తెలుగు నోట్లోంచి వచ్చిందంటే తిట్టడానికే, ఒరే అనడానికే.

"రావయ్యా యేసుదాసూ. నిలబడతావేంది? కూచ్చో. కుర్చీలో కూచ్చో."

ఆరాయి చేతిలో తట్ట అలాగే ఆగింది. కొట్టం గోడ సందులోంచి చూసింది. మొదలాళి రంగరాజన్ బనీను మీద ఉన్నాడు. ఎదుట కుర్చీ అంచున, అది విరుగుతుందేమో అన్నట్టు, యేసుదాస్ కూర్చుని ఉన్నాడు. ఆ బంగళా వసారాలో తమ వీధి మనిషి కుర్చీలో కూర్చోవడం ఆరాయి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మామ పెరటి మెట్టు కింద నిలబడి కూలి తీసుకునేవాడు. ఆ ఇంటి కోడలు సౌందరం తన చేత్తో ఇత్తడి గ్లాసులో కాఫీ తెచ్చి యేసుదాస్ చేతికే ఇచ్చింది. ఒక్క క్షణం ఆరాయికి గర్వంతో గుండె పొంగింది. చూడండి, మా వాణ్ణి చూడండి అనిపించింది.

"మనం మనం ఒక భాష వాళ్లం," అన్నాడు రంగరాజన్. "పైవాళ్ల ముందర అరుచుకుంటే మనకేగా అప్రదిష్ట. మగవాళ్లకి నువ్వడిగిన బోనస్సు యిస్తా. రీలింగు మాత్రం వొద్దయ్యా. చిలపలు చుట్టే పని అన్నూరులో కాంట్రాక్టుకి యిచ్చేస్తాను. ఆడోళ్ల సంగతి శుక్రవారం సంతకాలయినాక మెల్లగా చెప్పుకుందాం. ఏమంటావు?"

యేసుదాస్ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు గ్లాసు కింద పెడతాడు అని ఆరాయి ఊపిరి బిగబట్టి చూసింది.

"కాఫీ చల్లారిపోతుంది, తాగు నాయనా," అన్నాడు రంగరాజన్.

నాయనా అన్నాడు! యేసుదాస్ కళ్లజోడు తీసి పైపంచెతో తుడుచుకున్నాడు. "మీరు పెద్దోళ్లు. మీ మాట కాదనేదానికి నేనెవుర్ని," అని కాఫీ తాగాడు.

పేడ తట్ట నెత్తిన పెట్టుకుని ఆరాయి ఎలా బయటికి వచ్చిందో ఆమెకే తెలియలేదు. కొట్టి ఒప్పించారా, లేదు. డబ్బు పడేశారా, లేదు. కూర్చోమన్నారు, నాయనా అన్నారు. అంతటితో అయిపోయింది. అంత చదువుకున్నవాడు, అంత నోరున్నవాడు, ఒక గ్లాసుడు కాఫీకి మెత్తబడిపోయాడే! ఆమెకి కోపం కూడా రాలేదు. చల్లని నీళ్లలో తోసినట్టు ఒళ్లంతా బిర్రబిగిసిపోయింది.

* * *

ఆ రోజు రీలు ముందు నిలబడిందన్న మాటే గానీ ఆరాయికి చూపు ఆనలేదు. కండెల మీంచి నూలు వచ్చి పెద్ద చక్రానికి చుట్టుకుంటుంటే తెగిన పోగుని రెప్పపాటులో పట్టుకుని ఆవగింజంత ముడి వేయడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. అలాంటిది మూడు పోగులు తెగి గాలికి ఆడుతున్నా పట్టించుకోలేదు. చిలప సగం ఖాళీగా దిగింది. కోదండరామన్ వచ్చి చూశాడు. తిట్టబోయి, మొన్నటి ఒప్పారి గుర్తుకొచ్చిందో ఏమో, గొణుక్కుంటూ పోయాడు.

పక్క రీలు మీద పొన్ను కూనిరాగం తీస్తోంది. శుక్రవారం తనకి మాట్లాడే అవకాశం వస్తే ఏం చెప్పాలో అనుకుంటూ మధ్య మధ్య పెదవులు కదుపుతోంది. ఆరాయి రెండుసార్లు ఆమె వైపు తిరిగింది. చెప్పలేకపోయింది. వాడు మన బిడ్డ. పొద్దున అక్కడ తలూపినా సాయంత్రానికి మనసు మార్చుకుంటాడేమో, తనే వచ్చి చెబుతాడేమో. చెప్పే అవకాశం వాడికే ఇవ్వాలి. కానీ ఆ సాయంత్రం సంగం గదికి తాళం వేసి ఉంది.

గురువారం గది తెరిచే ఉంది. యేసుదాస్ ఎప్పటికంటే హుషారుగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"మంచి సేతి (వార్త) వుండాది అక్కలారా!" అన్నాడు. "బోనస్సు వొప్పుకున్నారు. రేపు గేటు కాడ సంతకం. ఆరాయక్క లేచి మొదలాళి సేసిన మేలుకి నన్రి సెప్పాల. రెండే మాటలు."

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆరాయి కొట్టలేదు. "రీలింగు సంగతి యేమాయ తంబి?" అని అడిగింది.

అతని చూపు ఆమె మీంచి గోడ మీదకి పోయింది. "అదంతా పిన్నాల, సంతకం అయినాక పేసుకుందాము అక్కా. ముందు యిది కానీ."

అంతే. ఆరాయి ఆఖరి ఆశ అక్కడ తెగింది. "నాకు మాట రాదు," అంది. దాన్ని అతను భయం అనుకున్నాడు.

"శవం వుంటేనే మాట వస్తాదా? సరి, నేనే శవం!" అని నవ్వుతూ, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, పొడుగు బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. తువ్వాలు మొహం మీద కప్పుకున్నాడు. "ఊ, యేడువు అక్కా. యేడ్సి యేడ్సి నన్రి సెప్పు. గొంతు తెరుసుకుంటాది."

సెల్లమ్మాళ్ కెవ్వుమంది. "అయ్యో, లేరా! బతికుండేటోడు అట్లా పండుకోకూడదురా! పాపము!"

"మాకు ఆ పట్టింపులు లేవు అక్కా," అన్నాడు తువ్వాలు కిందనుంచి. ఒకరిద్దరు నవ్వారు.

ఆరాయి బల్ల దగ్గరికి వెళ్లింది. ఇస్త్రీ చొక్కా కింద ఛాతీ లేస్తూ పడుతోంది. కాళ్లకి కొత్త చెప్పులు. ఆమె అతని కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. అరచేయి చెంపకు ఆనింది. గొంతు దానంతటదే లేచింది. మూకాయి కోసం లేచినదాని కంటే పైకి లేచింది. గదిలో నవ్వు చప్పున ఆగింది.

"సదువుకున్న నా తంబో, సంగానికి దీపమా
మా వీధి నోరని మురిసిపోతిమే నా తంబో
బంగళా వసారాలో కుర్చీ యేసిరే నా తంబో
నాయనా అనిరే, నువ్వు నవిసిపోతివే నా తంబో"

తువ్వాలు కింద ఊపిరి ఆగింది. పొన్ను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"యిత్తడి గళాసులో కాపీ పోసిరే నా తంబో
మొగోళ్లకి బోనస్సు మూట కట్టిరే నా తంబో
రీలింగు మూసేది అన్నూరుకి పోయేది నా తంబో
అక్కల పొయ్యార్పి ఆ కాపీ తాగితివే నా తంబో
కొట్టములో పేడెత్తి కంటితో సూస్తినే
యెట్లా సస్తివిరా, యింత సిన్న యీడులో నా తంబో"

యేసుదాస్ లేవబోయాడు. మోచేయి బల్ల మీద ఆనింది. అంతలో సెల్లమ్మాళ్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది. పడుకోవద్దని మొత్తుకున్నది ఆవిడే. ఇప్పుడు ఆవిడ మొహంలో రక్తం లేదు.

"పండుకో," అంది. "ఒప్పారి మద్దిలో శవం లేవకూడదు."

అతను లేవలేదు. ఆరాయి ఏడుపు అయ్యేదాకా అలాగే పడి ఉన్నాడు. పొన్ను, పాపం, ఇదంతా అభ్యాసంలో భాగమేమో, ఇప్పుడు ఎవరైనా నవ్వుతారేమో అని ఒక్కొక్కరి మొహమే చూస్తూ ఉంది. ఎవరూ నవ్వలేదు.

* * *

ఏడుపు ఆగాక అతను లేచి కూర్చున్నాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. ఆపైన మాట్లాడడం మొదలుపెట్టాడు. అరవంలో, వేదిక మీది అరవంలో. మిల్లుల నష్టాలు, కొత్త యంత్రాలు, సర్కారు చట్టం, రేపు అందరూ పోయేకంటే ఈ రోజు కొందరు పోవడం మేలన్న లెక్క. ఎక్కడా తడబడలేదు. చేతులు కిందికి వదిలే మాట్లాడాడు. మంచి ఉపన్యాసమే. వినేవాళ్లు ఉంటే చప్పట్లు పడేవి.

సెల్లమ్మాళ్ లేచి చీర దులుపుకుంది. ఒకరి వెనక ఒకరు లేచారు. గది దాటేటప్పుడు ఆడవాళ్లు రోజూ పోయొస్తాము తంబి అని చెప్పి పోతారు. ఈ రోజు ఎవరూ అనలేదు. చావింటి నుంచి వెళ్లేవాళ్లు వెళ్లొస్తామని అనరు. అతని మాటలు మధ్యలో తెగిపోయాయి. ఆ తెలివైనవాడికి అది విడమరిచి చెప్పాల్సిన అవసరం లేదు. తువ్వాలు చేతిలో నలుపుకుంటూ గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాడు.

బయట ఇంకా వెలుతురు ఉంది. పగటి షిఫ్టు దిగిన మగవాళ్లు సైకిళ్ల మీద సింగానల్లూరు రోడ్డు పట్టి వస్తున్నారు. ఆడవాళ్లు రోడ్డు పక్క కుళాయి దగ్గర గుమిగూడారు. పొన్ను ఏడుస్తోంది.

"అక్కా, రేపు సంతకం పెట్టేస్తారా? మా యమ్మకి యేమని సెప్పేది? అక్కా, నువ్వు నిజంగా సూస్తివా?"

"సూస్తిని."

"యేమి సూస్తివి? సరిగ్గా సెప్పు."

ఆరాయి చెప్పింది. రాగం లేదు, ఏడుపు లేదు. కొట్టంలో ఎక్కడ నిలబడిందో, ఎవరు ఏ మాట అన్నారో, చూసింది చూసినట్టు చెప్పింది. దూరంగా ఉన్న సెల్లమ్మాళ్‌కి వినిపించాలని కొంచెం గొంతు పెంచింది. అదే పొరపాటో, అదృష్టమో, ఒక సైకిలు ఆగింది. వెనక ఇంకొకటి ఆగింది. వీధివాళ్లు కాని వాళ్లు కూడా ఉన్నారని మధ్యలో ఆమె అరవంలోకి మారింది. శవం లేదని, ఇది కూట్టమని, డజను జతల కళ్లు కాదు, ఇప్పుడు వంద జతలు తన మీద ఉన్నాయని ఆమెకి తట్టనే లేదు. శుక్రవారం మాట్లాడాల్సింది గురువారమే, మట్టి రోడ్డు మీద, కుళాయి పక్కన మాట్లాడేసింది.

"మీ బోనస్సు మేము వద్దనలేదు అన్నా. మా పని తీసి మీ జేబులో పెడుతున్నారు. అది తెలుసుకోని సంతకం పెట్టండి. తెలీకుండా పెట్టద్దండి. అంతే," అని ఆపింది.

ముందు వరసలో స్పిన్నింగు మునియాండి సైకిలు హ్యాండిలు బిగించి పట్టుకుని ఉన్నాడు. తనకి రావాల్సిన బోనస్సుతో కూతురికి ఏం చేయాలో వారంగా అందరికీ చెబుతున్న మనిషి.

"అబద్ధం!" అని అరిచాడు. "మన యేసుదాసు అట్లా సేస్తాడా? సంగం పేరు యెందుకు సెడగొడతావు? యెవురు సెప్పినారు నీకు?"

ఆరాయి సంగం గది గుమ్మం వైపు తిరిగింది. ఆమెతో పాటు ఆడవాళ్లు తిరిగారు. ఆ వెనక మగవాళ్లూ తిరిగారు. యేసుదాస్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి అక్కడ ఉన్నాడో తెలియదు.

"సెప్పన్నా!" అన్నాడు మునియాండి. బతిమాలుతున్నట్టు అన్నాడు. "ఒక మాట సెప్పన్నా!"

గొడుగు చూపిస్తే గొడుగు మీద, గడియారం చూపిస్తే గడియారం మీద గంటసేపు మాట్లాడగలిగిన యేసుదాస్ నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. ఇక్కడ కాదంటే సరిపోతుంది, ఆడది పొరబడిందంటే నమ్మేవాళ్లు సగం మంది ఉన్నారు. రేపు ఏం జరగబోతోందో ఆ ఒక్క నోటిలో ఉంది.

"నిజమే," అన్నాడు యేసుదాస్.

మునియాండి మొహం తెల్లబోయింది. ఆ తర్వాత ఇంటికి పోకుండా సైకిలు ఆడవాళ్లున్న కుళాయి పక్కకి తీసి స్టాండు వేశాడు. అతని వెనకవాడు వేశాడు. ఒకదాని తర్వాత ఒకటి స్టాండ్లు పడుతున్న చప్పుడు మిల్లు గేటు దాకా పోయింది.